బుల్లెమ్మ, ఆడ, ఏడేళ్ళు

ఏప్రిల్ 30. ఇంట్లో 44.

పదింటికి సైరన్ మోగింది. బుల్లెమ్మ నాలుగు కాళ్ళకీ గోనెగుడ్డ తొడుగులు కట్టి, గొడుగు విప్పి, తలుపుకి తాళం పెట్టి మెట్లు దిగాం. నూటపన్నెండు మెట్లు. పదింటికే రాయి కాలుతోంది. కొండమీద ఇల్లయితే కృష్ణ కనపడుతుందని కట్టినవాళ్ళు మురిసిపోయి ఉంటారు. ఇప్పుడు కనపడేది ఇసక.

మెట్లకింద హోటల్లో మా బల్ల అన్నిటికన్నా చివరిది, చేతులు కడుక్కునే తొట్టి పక్కన. నాకు కుర్చీ, బుల్లెమ్మకి బల్లకింద నేల. ఐదున్నరకి రెండో సైరన్ మోగేదాకా అక్కడే. ఆ ఏడున్నర గంటలూ బెజవాడలో ఉన్న కరెంటంతా హోటళ్ళని చల్లబరచడానికే పోతుంది. ఇళ్ళలో ఫ్యాను కూడా తిరగదు. కార్డులో సీటున్నవాళ్ళు హోటల్లో కూర్చుంటారు. లేనివాళ్ళు ఇంట్లో తడిదుప్పటి కప్పుకుని కూర్చుంటారు. వాళ్ళలో కొందరు ఐదున్నరకి లేస్తారు, కొందరు లేవరు. పైన వేసిన 44 మా గోడమీద వేడి చూపే ముల్లు మధ్యాహ్నం ఎక్కడిదాకా పోయిందో చూసి రాసింది.

బుల్లెమ్మ కుక్క. ఇది నా సొంత పుస్తకంలో రాసుకోవడానికి కూడా అటూఇటూ చూసుకున్నాను. ఈ కొండమీదే పుట్టిన ఊరకుక్క. గోధుమరంగు, ఎడమచెవి మడతపడి ఉంటుంది, ఇంకొకళ్ళు తింటుంటే కళ్ళార్పకుండా చూసే అలవాటు. హోటల్లో అందరికీ అది కుక్కేనని తెలుసు. తెలియనిది వార్డు ఆఫీసుకే.

మే 2. ఇంట్లో 45.

ఎలా జరిగిందో రాసిపెడతాను. రేపెవరైనా అడిగితే నాకే తికమక రాకుండా ఉంటుంది.

నా చిన్నప్పుడు నాన్న మమ్మల్ని బెంజిసర్కిల్ దగ్గర ఒక కేఫ్‌కి తీసుకెళ్ళేవాడు. అప్పుడు మా ఇంట్లో టాఫీ అని తెల్లకుక్క ఉండేది. ఆ కేఫ్‌లో కుక్కలకి వేరే మెనూ. కోడిమాంసం కేకు, చక్కెర లేని ఐస్‌క్రీము. టాఫీ నెత్తిన టోపీ పెట్టి ఫొటో తీసేదాకా దాన్ని తిననిచ్చేవాళ్ళు కాదు. కుక్కని హోటలుకి తీసుకెళ్ళడం అప్పుడు ఒక సరదా. ఇప్పుడది ప్రాణం.

కిందటేడు దాకా ప్రతి హోటల్లోనూ కుక్కలమూల ఉండేది. మనుషులకే సీట్లు చాలడం లేదని తీసేశారు. ఆ మే నెల రెండో వారంలో కొండమీద కుక్కలన్నీ పోయాయి. బుల్లెమ్మని మాత్రం హోటలాయన జశ్వంత్ గారు వంటగది వెనక బియ్యం బస్తాల మధ్య దాచారు. ఆ వారం గురించి ఇంతకన్నా రాయలేను.

తర్వాత చలికాలంలో జనాభా లెక్కకి గొంతు ఫోన్ చేసింది. వార్డు ఆఫీసు యంత్రానికి మేం పెట్టిన పేరది. మనిషి కాదు, ఒట్టి గొంతు, మహా మర్యాద. నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని. ఆ పూట కుట్టుమిషన్లో దారం చిక్కుపడి తల పగిలిపోతోంది. చెవిదగ్గర ఫోన్ ఇరికించుకుని అడిగినవాటికి జవాబు చెప్పాను. ఇంట్లో ఎంతమంది అంది. ఇద్దరమే అన్నాను. మీతో ఉండేది ఎవరు అంది. బుల్లెమ్మ అన్నాను. మీకేమవుతుందంటే, పెంచుకుంటున్నానన్నాను. ఏడేళ్ళది, బడికి వెళ్ళదు, వెళ్ళినా దానికేం ఎక్కుతుంది అన్నాను. అన్నీ నిజాలే. అంతకుముందు ఇంట్లో మేకలున్నాయా, కోళ్ళున్నాయా అని కూడా అడిగింది కాబట్టి దానికి అర్థమయిందనే అనుకున్నాను.

నెల తిరక్కుండా కార్డు వచ్చింది. ‘సహస్ర, ఆడ, 58. బుల్లెమ్మ, ఆడ, 7, పెంపుడు కూతురు. సీట్లు: రెండు.’

మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వాపుకుని కార్డు బియ్యం డబ్బాలో దాచాను. మగకుక్కైతే వాడు వీడు అని ముద్దుచేసినా ఎక్కడో ఒకచోట ‘అది’ అని నోరుజారి దొరికిపోయేదాన్ని. మన భాషలో ఆడపిల్లకీ ఆడకుక్కకీ ఒకటే మాట. తిన్నది, పడుకున్నది, మొండికేసింది. ఆడవాళ్ళని తీసుకెళ్ళి పశువుల వరసలో కట్టేసిన మహానుభావుడెవడో గానీ, వాడి పుణ్యాన బుల్లెమ్మకి సీటు దొరికింది.

మే 9. ఇంట్లో 46.

పక్కవాటాలోకి మనుషులొచ్చారు. దివిసీమ నుంచి. వాళ్ళ ఊరు సముద్రంలో కలిసిపోయిందట. మొగుడు ఏసుబాబు, పెళ్ళాం సువార్త, ముప్ఫై దాటని జంట. ఇద్దరికీ కలిపి ఒక్క సీటే వచ్చింది, రెండోది ఇంకా విచారణలో ఉందట. ఏసుబాబు ఆ సీటు పెళ్ళానికిచ్చి తను ఇంట్లో ఉంటున్నాడు. రోజు విడిచి రోజు మార్చుకోవచ్చు కదా అన్నాను. పెళ్ళాన్ని ఎండలో ఉంచి తను చల్లగా కూర్చోలేనన్నాడు. నడిసముద్రంలో ఎండ చూసినవాణ్ణి, ఇదొక లెక్కా అని నవ్వాడు. సముద్రంలో గాలుంటుంది నాయనా అన్నాను.

బుల్లెమ్మకి అతను తెగ నచ్చాడు. వాళ్ళ గుమ్మంలో పడుకుని రానంది. ఎండుచేప ముక్క పెట్టాడని తర్వాత తెలిసింది.

మే 14. ఇంట్లో 46.

సువార్త ఇవాళ హోటల్లో మా పక్క బల్ల దగ్గర కూర్చుంది. జశ్వంత్ గారు ఎప్పటిలాగే నాకు కంచం పెట్టి, బుల్లెమ్మకి దాని సత్తుగిన్నెలో మజ్జిగన్నం కలిపి కింద పెట్టారు. సువార్త ఆ గిన్నెని చూసింది, బల్లమీద ఉన్న నా కార్డుని చూసింది. దానిమీద ‘సీట్లు: రెండు’ అని ఉంది. తర్వాత తన అన్నం తను తింది. ఒక్క మాట అనలేదు.

అంటే బాగుండేది. అంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఊరుకుందని నాకు సాయంత్రం దాకా ఒళ్ళు మండిపోయింది.

మే 19. ఇంట్లో 47.

హోటల్ గుమ్మంలోకి గొంతు వచ్చి కూర్చుంది. ముందు గుమ్మానికొకటి, వంటగది గుమ్మానికొకటి. దానికి కళ్ళు లేవు, వేడి తెలుస్తుంది. ఎన్ని వెచ్చటి ఒళ్ళు లోపలికి వెళ్ళాయో లెక్కపెట్టి కార్డులతో సరిచూస్తుంది. ఒక్క ఒళ్ళు ఎక్కువైనా తలుపు తెరుచుకోదు. పదీ పావుకి మూస్తే మళ్ళీ ఐదున్నరకే. ఒక సీజనుకి ఎవరికైనా మూడు గైర్హాజర్లు. నాలుగోది పడితే సీటు ఇంకొకరికి పోతుంది.

మా వంతు వచ్చింది. రెండు ఒళ్ళు, రెండు సీట్లు, సరిపోయాయి. నేను ఊపిరి వదిలేలోపు, “పాప తన పేరు చెప్పాలి” అంది గొంతు.

వెనక నలభైమంది నిలబడి ఉన్నారు. బుల్లెమ్మ తోక ఆడిస్తోంది.

“అది మాట్లాడదు” అన్నాను.

“మూగదా?”

“మూగదే.”

మూగజీవాన్ని మూగది అంటే తప్పేముంది? గొంతు చాలా జాలిపడింది. నమోదు చేసుకున్నానని, పాపకి తగిన సాయం త్వరలోనే అందుతుందని చెప్పింది. జశ్వంత్ గారు గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నారు. నవ్వినందుకు మధ్యాహ్నం ఆయన్ని దులిపేశాను. నాకెందుకో భయమేసింది.

మే 24. ఇంట్లో 48.

భయపడ్డంతా అయింది. మూగపిల్లలకి అరకులో చల్లటి బడి ఉందట. హాస్టలూ అక్కడే. బుల్లెమ్మకి అందులో చోటు ఇచ్చారు. జూన్ రెండున టీచరు ఇంటికే వచ్చి తీసుకెళ్తుంది. మంచిగుడ్డలు మూడు జతలు సర్దిపెట్టాలట.

సర్దిపెడతాను. గోనెగుడ్డవి.

సాయంత్రం జశ్వంత్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి డెబ్భై ఏళ్ళు, ఈ కార్డుల గొడవలన్నీ చూసినవాడు. ఆయన ఈసారి నవ్వలేదు. “ఇప్పుడెళ్ళి నిజం చెప్తే తప్పు నమోదు కింద రాస్తారు సహస్రమ్మా. కార్డే కొట్టేస్తారు. దానిదీ పోద్ది, మీదీ పోద్ది” అన్నారు. చెప్పకపోతే టీచరొచ్చి చూసి తనే రాస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదినట్టు అని ఊరికే అన్నారా?

బుల్లెమ్మ ఇవన్నీ వింటూ జశ్వంత్ గారి చెప్పు కొరికింది.

మే 26. ఇంట్లో 48.

సైరన్ మోగాక ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఊరంతా తిరిగాను. మూడు హోటళ్ళ గుమ్మాలు తొక్కాను. కుక్కకి సీటుంటుందా అని అడగ్గానే మొదటిచోట పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. రెండోచోట ఆవిడ మనుషులకే దిక్కులేదండీ అని తలుపేసింది. మూడోచోట పెద్దాయన నాకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, తన కుక్క గురించి అరగంట చెప్పాడు. అది కిందటేడు పోయిన కుక్క. ఆయన చెబుతూ ఏడ్చాడు, నేను వింటూ ఏడ్చాను. ఏడుపైతే జరిగింది గానీ సీటు దొరకలేదు. దొరికినా గుమ్మంలో గొంతు ఉండనే ఉంది.

మే 27. ఇంట్లో 49.

ఇంటికొచ్చేసరికి పక్కవాటా ముందు జనం. ఏసుబాబు నేలమీద పడిపోయి ఉన్నాడు. దుప్పటి ఎప్పుడు ఆరిపోయిందో అతనికే తెలియదు. ఒళ్ళు నిప్పు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ సువార్త ఎవరో అతనికి తెలియలేదు. నలుగురం కలిసి బిందెలతో నీళ్ళు పోశాం. ఏడింటికి పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచాడు.

మే 28. ఇంట్లో 49.

సువార్త ఇవాళ హోటలుకి రాలేదు, అతని పక్కనే ఉండిపోయింది. గొంతు ఆమెకి ఒక గైర్హాజరు వేసింది.

మే 29. ఇంట్లో 49.

సాయంత్రం సువార్త మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“నీ మీద నాకు కోపం లేదు పెద్దమ్మా. ఆ సీటు ఎవురిదో నాకు తెల్సు. ఎవురికీ సెప్పలేదు, సెప్పను గూడా. జాబితాలో తరవాతి పేరు మా ఆయన్దేనంట, జశ్వంతు గారు సెప్పారు. నిన్ను ఇమ్మని అడగటానికి రాలేదు. ఊరికే ఒక మాట అందామని వొచ్చా. ఆయన్ది గూడా పేణమే గదా.”

నేనేమన్నానో రాస్తాను, నాకు సిగ్గుండాలి కాబట్టి. దాని సీటు నీ అబ్బసొత్తేం కాదు, గవర్నమెంటు ఇచ్చిందన్నాను. తలుపేసుకున్నాను. తలుపేశాక బుల్లెమ్మ నా మొహం నాకింది. దాన్ని కూడా తిట్టాను.

ఇలా అనేదాన్ని కాదు నేను. నోటి దురుసు ఉంది, ఒప్పుకుంటాను. చచ్చేవాడి పెళ్ళాం మొహంమీద తలుపేసే మనిషిని మాత్రం కాదు. ఆ ముల్లు 49కి పోయిందగ్గర్నుంచీ నాలోంచి ఇంకెవరో మాట్లాడుతున్నారు.

జూన్ 2. ఇంట్లో 48.

పొద్దున ఆరింటికి టీచరు వచ్చింది. కామేశ్వరి అని పాతికేళ్ళ పిల్ల. పిల్లలకి మళ్ళీ పాతపేర్లు పెడుతున్నారు, ముసలివాళ్ళం సహస్రలం, లాస్యలం మిగిలాం. పాపని పిలవండి అంది. ఏం చెయ్యను? “బుల్లెమ్మా” అని పిలిచాను. అది లోపలినుంచి పరిగెత్తుకొచ్చి ఆ పిల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి కూర్చుంది.

కామేశ్వరి చేతిలోని కాయితాన్ని చూసింది, దాన్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత మెట్టుమీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, నేను నవ్వడం లేదని అప్పుడు గమనించింది. మొత్తం చెప్పాను. దాచింది ఏమీ లేదు, గొంతుకి కూడా అన్నీ నిజాలే చెప్పానని చెప్పాను.

మంచిపిల్ల. తప్పు నమోదు అని తను రాయనంది. అది రాస్తే ఈ ఎండల్లో నన్ను తనే చంపినట్టవుతుందంది. “జ్వరం, ప్రయాణానికి తగదు అని రాస్తానండి. వానలు పడ్డాక ఇవన్నీ ఎవరూ తిరగెయ్యరు. పాప సీటు పాపకే ఉంటుంది.”

పాప అనే అంది. నాకు కాళ్ళమీద పడాలనిపించింది. పదిరోజులుగా అన్నం సయించని మనిషిని, ఒక్కసారిగా ఆకలేసింది.

మా వాటాకీ పక్కవాటాకీ మధ్య ఒకటే ఇటుక గోడ. అవతల సువార్త ఏసుబాబుకి గంజి తాగిస్తోంది. ఇంకొక్క గుక్క, ఇంకొక్క గుక్క అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతోంది. పదింటికి సైరన్ మోగుతుంది. సువార్త కిందికి పోవాలి, అతను అక్కడే పడి ఉండాలి. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. ఎన్ని ఎల్లుండులు ఉంటాయో ఆ గోడ ఇవతలున్న నాకు కూడా తెలుస్తూనే ఉంది.

కామేశ్వరి రాయబోతోంది.

“పోయిందని రాయమ్మా” అన్నాను.

“ఎవరండీ?”

“బుల్లెమ్మ. పోయింది. ఇవాళ పొద్దున.”

బుల్లెమ్మ ఆ పిల్ల చెప్పుల వాసన చూస్తోంది. కామేశ్వరి కలం పక్కన పెట్టింది. ఇంకోసారి ఆలోచించుకోండి అంది. ఆలోచిస్తే చెప్పలేనని, తొందరగా రాసెయ్యమని అన్నాను. రాసింది. సంతకం పెట్టాను. ఇన్నాళ్ళలో నేను చెప్పిన మొదటి అబద్ధం అదే.

సాయంత్రం గొంతు ఫోన్ చేసి పాప మరణానికి సంతాపం చెప్పింది. ఏమైనా సాయం కావాలా అని అడిగింది. ఒక కుక్కకి చోటు కావాలన్నాను. కుక్కలకి సీట్ల కేటాయింపు లేదంది. మళ్ళీ సంతాపం చెప్పింది.

జూన్ 3. ఇంట్లో 49.

ఏసుబాబు సువార్త భుజం పట్టుకుని మెట్లు దిగాడు. మా గుమ్మం ముందు ఆగాడు. ఏదో అనబోయాడు. సైరనైంది పో నాయనా అన్నాను.

నేను దిగలేదు. నాకు మూడు గైర్హాజర్లు ఉన్నాయి. గది మధ్యలో నేలమీద తడిగోనె పరిచి ఇద్దరం పడుకున్నాం. దాని పొట్టమీద, చెవులమీద, పాదాలమీద గంటగంటకీ నీళ్ళు చల్లాను. విసనకర్ర చేతులు మార్చి మార్చి విసిరాను. బొబ్బలెక్కాయి. అది నాలుక బయటపెట్టి రొప్పుతూ నాకేసి చూస్తూనే ఉంది. హోటలుకి ఎందుకు వెళ్ళలేదని అడుగుతోంది. మెట్లవైపు వెళ్ళి తొడుగులు నోట కరుచుకొచ్చి నా ముందు పడేసింది.

జూన్ 4. ఇంట్లో 50.

రెండో రోజు. మధ్యాహ్నం నాకు వాంతులయ్యాయి. నీళ్ళు చల్లడం ఒక గంట మానేశాను, లేవలేక. అది వచ్చి నా చెంపలు నాకి లేపింది. ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారో తెలియడం లేదు.

జూన్ 5. ఇంట్లో 50.

మూడో రోజు. రేపు నేను దిగాలి. దిగకపోతే నా సీటు పోతుంది. నా సీటు పోతే నాతోపాటు అదీ పోతుంది, మజ్జిగన్నం పెట్టేవాళ్ళుండరు. ఇలా లెక్కలేసి నా మనసుకి నచ్చజెబుతున్నాను. అది నచ్చజెబితే వినే మనసు కాదు.

చనిపోయిందని సంతకం నేనే పెట్టాను. అది నిజమయ్యే రోజు రేపు.

జూన్ 6. ఇంట్లో 50.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇప్పుడు రాయకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున లోపలిగదిలో నాలుగు గోనెలు తడిపి పరిచాను, కిటికీకి తడిచీర కట్టాను, తొట్టి నిండా నీళ్ళు పెట్టాను. గంటలో ఆరిపోయేవే ఇవన్నీ. తాళం పెడుతుంటే అది లోపలినుంచి తలుపు గీకడం మొదలుపెట్టింది. ఎప్పుడూ అరవని కుక్క, అరవలేదు. గీకింది. నేను చెవులు మూసుకుని నూటపన్నెండు మెట్లు దిగాను. ఎవరైనా చూస్తే ఎండకి తల పట్టుకున్నాననుకుని ఉంటారు.

చివరి బల్ల దగ్గర కూర్చున్నాను. పదీ పావు అయింది, తలుపు మూశారు. ఎదురు బల్ల దగ్గర సువార్త ఒక్కతే ఉంది. పక్క కుర్చీ ఖాళీ.

ఎక్కడ అతను అని అడిగాను. పది మెట్లు దిగాక తుండుగుడ్డ మర్చిపోయానన్నాడట. నువ్వు పద, వస్తున్నానన్నాడట. రాలేదు. సువార్త మొహంలో నెత్తురు లేదు. లేచి తలుపు తెరవమని గొంతుని బతిమాలింది. గొంతు ఎంతో మర్యాదగా ఐదున్నరకి తెరుస్తానంది. జశ్వంత్ గారు కూడా అడిగిచూశారు. వంటగది గుమ్మమూ అంతే.

ఆ ఖాళీ కుర్చీని చూస్తుంటే నాకు పూనకం వచ్చినట్టయింది. ఎవరి కుర్చీ అది? దానికోసం నేను ఏం రాయించానో తెలుసా అతనికి? ఎక్కడో మెట్లమీద పడిపోయి ఉంటాడు. అతనూ దక్కడు, ఇదీ దక్కదు. సువార్త నా పక్కకొచ్చి కూర్చుంది. ఏడు గంటలు ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. కంచాలు ముట్టుకోలేదు. చల్లటి గాలి వీస్తూనే ఉంది. దానికి నేను పెట్టని శాపం లేదు.

ఐదున్నరకి ఇద్దరం పరిగెత్తాం. యాభై ఎనిమిదేళ్ళదాన్ని, నూటపన్నెండు మెట్లూ ఎక్కడా ఆగలేదు. మెట్లమీద ఎవరూ పడి లేరు. మా తలుపు బార్లా తీసి ఉంది. తాళం రాయితో పగలగొట్టారు.

లోపలిగదిలో ఏసుబాబు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటిమీద చొక్కా లేదు. అది తడిపి బుల్లెమ్మ మీద కప్పాడు. దాని తల అతని ఒళ్ళో ఉంది. తొట్టిలో చెయ్యి ముంచుతున్నాడు, దాని చెవులమీద రాస్తున్నాడు, మళ్ళీ ముంచుతున్నాడు. తొట్టిలో నీళ్ళు అయిపోయి ఎంతసేపైందో, చెయ్యి మాత్రం ఆగలేదు. మేం వచ్చినట్టు అతనికి తెలియలేదు. బుల్లెమ్మకి తెలిసింది. తోక ఒక్కసారి కదిలింది.

సువార్త బిందె ఎత్తి ఇద్దరిమీదా కుమ్మరించింది. రెండో బిందెకి అతను మనిషయ్యాడు. అప్పుడు నేను తిట్టడం మొదలుపెట్టాను. నా జన్మలో అంతగా ఎవరినీ తిట్టలేదు. ఏడుస్తూ తిట్టాను.

“నీకోసమే కదరా అది పోయిందని చెప్పాను. బతికున్నదాన్ని పోయిందని నా చేత్తో సంతకం పెట్టాను. నువ్వు పోయి ఆ కుర్చీలో కూర్చోకుండా ఇక్కడ చావడానికొచ్చావా?”

అతను పెదాలు తడుపుకున్నాడు.

“అదంతా నాకు తెల్వదు పెద్దమ్మా. మెట్లు దిగతంటే తలుపు గీకతా ఉంది. ఆ సప్పుడు ఇంటా దిగలేకపోయా.”

నేను చెవులు మూసుకుని దిగిపోయిన మెట్లవి.

ఇప్పుడు ఏడున్నర. కరెంటొచ్చింది, ఫ్యాను తిరుగుతోంది. బుల్లెమ్మ నీళ్ళు తాగింది గానీ లేచి నిలబడలేదు. ఏసుబాబు పక్కవాటాలో పడుకున్నాడు, గంజి నిలిచింది. వానకి ఇంకా పదకొండు రోజులని గొంతు చెబుతోంది. ఏసుబాబుకి రెండు గైర్హాజర్లు మిగిలాయి, సువార్తకి రెండు, నాకు ఒక్కటీ లేదు. నాలుగు రోజులు పెట్టుకుని పదకొండు రోజులు ఎలా దాటాలో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఉన్నవాళ్ళు బతికుంటారన్న నమ్మకమూ లేదు. అతను ఇంకోసారి ఉంటే లేవడు. నేనది వాళ్ళిద్దరికీ చెప్పాను. వద్దని చెప్పాను. ఇంతటితో వదిలెయ్యండి, అది నా కుక్క, నా ఖర్మ అన్నాను.

ఇందాక సువార్త మళ్ళీ వచ్చింది. ఈసారి పిలవకుండానే లోపలికొచ్చి, బుల్లెమ్మ పక్కన నేలమీద కూర్చుని దాని మడతచెవి సరిచేసింది.

“రేపు నేనుంటా పెద్దమ్మా” అంది. “ఇది మజ్జిగన్నం పల్చగా తినుద్దా, గట్టిగా తినుద్దా?”

పల్చగా అని చెప్పాను.